మ్యాక్ లేకుండానే మ్యాక్‌లో చెక్: నా ఆర్ ప్యాకేజీని నాలుగు సర్వీసుల చేతిలో పెట్టి చూశాను

స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేనొక ప్యాకేజీ రాశాను, అంటే ఇతరులు తెచ్చుకుని వాడుకునే ఫంక్షన్ల, డేటా కట్ట. దాని గురించి అనంతపురం నుంచి ఒక పీజీ అమ్మాయి మెయిల్ పెట్టింది. "మేడమ్, మీ ప్యాకేజీ మా ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ అయింది. కానీ జిల్లాల ఫంక్షన్ నడిపితే ఇన్‌పుట్‌లో లైన్లేవీ లేవు అంటోంది. మావి ఉబుంటు సిస్టమ్స్." నా విండోస్ ల్యాప్‌టాప్‌లో అదే ఫంక్షన్ నడిపాను. చక్కగా నడిచింది. "నా దగ్గర వస్తోందమ్మా, ఒకసారి తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడు" అని జవాబు రాశాను. ఎవరైనా ఇలాంటి జవాబిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు నేనే ఇచ్చాను.

రెండు రోజుల తర్వాత తప్పు దొరికింది. ఫైలు పేరు ఇంగ్లిష్‌లో చిన్న అక్షరంతో మొదలవుతుంది, కోడ్‌లో నేను పెద్ద అక్షరంతో రాశాను. విండోస్‌కి ఆ రెండూ ఒకటే. ఆ అమ్మాయి ల్యాబ్‌లోని ఉబుంటు లైనక్స్‌లో ఒక రకం. లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు, అందులో ఒకటి లేదు. ప్యాకేజీ లోపలి ఫైలు ఎక్కడుందో వెతికే ఫంక్షన్ ఆర్‌లో ఒకటుంది కదా, అది ఫైలు దొరక్కపోతే గొడవ చేయదు, ఖాళీ స్ట్రింగ్ చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఆ ఖాళీ దారిని సీఎస్‌వీ (పట్టికలు దాచే ఒక రకం ఫైలు) చదివే ఫంక్షన్‌కి ఇస్తే అదేమో "లైన్లేవీ లేవు" అంటుంది. ఫైలు పేరు ఊసే ఉండదు. ఆ అమ్మాయి చెప్పిన మాట అక్షరాలా నిజం. నేను వినలేదు.

ఆర్ వాడేవాళ్ళలో సొంతంగా ప్యాకేజీ రాసుకునేవాళ్ళు మన దగ్గర ఇప్పుడు బాగానే ఉన్నారు. అందుకే ఈ ఆరు నెలల్లో నేను వాడిన చెకింగ్ సర్వీసుల గురించి రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న సర్వే సంస్థలో స్టాటిస్టీషియన్‌ని. కంప్యూటర్ సైన్స్ చదవలేదు. ఉన్నది ఒక విండోస్ ల్యాప్‌టాప్, అది కూడా ఆఫీసుదే.

ముందు ప్యాకేజీ గురించి రెండు ముక్కలు, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26. మా దగ్గర 2011 జనాభా లెక్కల పక్కన పెట్టాల్సిన కొత్త సర్వేలు ఉంటాయి. పాతదాంట్లో "వరంగల్" అని ఉన్నచోట కొత్తదాంట్లో జనగామ ఉండొచ్చు, మహబూబాబాద్ ఉండొచ్చు. మండలాల వారీగా పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపే పట్టికే నా ప్యాకేజీ. పేర్లు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. దానికి తోడు, ఇంట్లో ఉన్న వస్తువులను బట్టి కుటుంబం స్థోమతను అంచనా వేసే ఎసెట్ ఇండెక్స్ ఫంక్షన్ ఒకటి.

ఆర్‌లో ప్యాకేజీని పరీక్షించడానికి ఒక ఆదేశం ఉంది, ఆర్ సీఎమ్‌డీ చెక్. ఫైళ్ళ పేర్ల నుంచి హెల్ప్ పేజీల్లో ఉదాహరణల దాకా పదుల కొద్దీ అంశాలు చూసి చివర్లో ఎర్రర్, వార్నింగ్, నోట్ అని మూడు రకాలుగా లెక్క చెబుతుంది. ప్యాకేజీలన్నీ ఉండే క్రాన్‌లో చోటు కావాలంటే ఈ చెక్ దాటాల్సిందే. 1997 నుంచి నడుస్తున్న ఆ భాండాగారంలో ఇప్పుడు 20,000 పైచిలుకు ప్యాకేజీలున్నాయి. వాళ్ళు ప్రతి ప్యాకేజీని లైనక్స్, విండోస్, మ్యాక్‌లలో, రాబోయే వెర్షన్, ఇప్పటి వెర్షన్, పాత వెర్షన్ అంటూ డజనుకు పైగా కాంబినేషన్లలో నడిపి చూస్తూనే ఉంటారు. అక్కడ ఫెయిలయ్యే ముందు మన ఇంట్లోనే ఫెయిలవడం మంచిది కదా. ఇల్లంటే నాకు ఒక్క విండోస్.

మొదట పెట్టింది గిట్‌హబ్ యాక్షన్స్. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో, ఆ కోడ్‌ని తనే వేరే మెషీన్ల మీద నడిపి చూసే సదుపాయం ఇది. యూజ్‌దిస్ అనే ప్యాకేజీతో ఒక లైన్ రాస్తే చాలు, రిపోలో (గిట్‌హబ్‌లో నా కోడ్ ఉండే చోట) యామెల్ అనే సెట్టింగుల ఫైలు వచ్చి కూర్చుంటుంది. ఇక నేను కోడ్ పుష్ చేసిన, అంటే అక్కడికి పంపిన ప్రతిసారీ ఐదు మెషీన్లు లేస్తాయి: మ్యాక్ ఒకటి, విండోస్ ఒకటి, ఉబుంటు మూడు. ఆ మూడు ఉబుంటుల్లో ఒకదాంట్లో ఇప్పటి ఆర్, ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో వచ్చే ఏప్రిల్‌కి రాబోయేది. నా ప్యాకేజీకి అన్నీ ముగియడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. పబ్లిక్ రిపో అయితే పైసా ఖర్చు లేదు. ప్రైవేటు రిపో పెట్టుకుంటే మాత్రం నెలకు ఉచిత నిమిషాలు లెక్క ప్రకారమే, పైగా విండోస్, మ్యాక్ నిమిషాలు లైనక్స్ కంటే తొందరగా కరిగిపోతాయి.

నాకు బాగా నచ్చింది డిపెండెన్సీల సంగతి, అంటే నా ప్యాకేజీ నడవడానికి ముందే ఉండాల్సిన వేరే ప్యాకేజీలు, లైబ్రరీలు. మ్యాపులు గీసే ఎస్ఎఫ్ ప్యాకేజీ నా దాంట్లో వాడాను. లైనక్స్‌లో దాన్ని సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేయాలంటే జీడాల్, జియోస్, ప్రోజ్ అనే మూడు లైబ్రరీలు ముందు ఉండాలి. అవి ఎక్కడ దొరుకుతాయో, ఏ పేరుతో దొరుకుతాయో ఒకప్పుడు మాలాంటి వాళ్ళకి అదో పెద్ద టెన్షన్. ఇక్కడ ఆ సెటప్ తనే కనుక్కుని తెచ్చుకుంటుంది. నేను ఒక్క మాట కూడా రాయలేదు.

చెక్ దాటితే పచ్చ టిక్, ఫెయిలైతే ఎరుపు. మొదటి రోజు ఐదింటిలో మూడు ఎర్రగా వచ్చాయి. ఆ మూడూ ఉబుంటులే, కారణం ఆ అనంతపురం అమ్మాయి చెప్పిందే. ముందే ఇది పెట్టుకుని ఉంటే ఆ అమ్మాయికి నా మెయిల్ చదివే ఖర్మ తప్పేది.

అసలు కథ రెండో వారంలో జరిగింది. ఎసెట్ ఇండెక్స్ ఫంక్షన్‌కి టెస్టు రాశాను. ఫ్రిజ్, స్కూటర్, టీవీ, గ్యాస్ స్టవ్, పక్కా ఇల్లు అని ఐదు వస్తువులు, చాలా అంశాలను ఒక్క అంకెలోకి కుదించే ప్రిన్సిపల్ కాంపోనెంట్ పద్ధతిలో ఒక్కోదానికి ఎంత బరువు వస్తుందో లెక్క. నా ల్యాప్‌టాప్‌లో ఫ్రిజ్‌కి 0.48, స్కూటర్‌కి 0.44, ఇలా. వాటినే సరైన జవాబుగా టెస్టులో రాసి పుష్ చేశాను. విండోస్ పచ్చ, మూడు ఉబుంటులూ పచ్చ, మ్యాక్ ఎరుపు. లాగ్ తెరిస్తే ఫ్రిజ్‌కి మైనస్ 0.48, స్కూటర్‌కి మైనస్ 0.44. అంకెలన్నీ అవే, గుర్తులు మాత్రం తిరగబడ్డాయి.

ఒక్క క్షణం గుండె ఆగింది. కాగితం మీద అది తప్పు కూడా కాదు. ఒక గీత మీద ఉత్తరం వైపు బాణం వేసినా దక్షిణం వైపు వేసినా గీత అదే. ఈ పద్ధతిలో బాణం ఎటు వేయాలనే నియమం లేదు. కంపైలర్, ప్రాసెసర్, లోపల మాత్రికల లెక్కలు చేసే లైబ్రరీ, వీటిలో ఏది మారినా బాణం అటు తిరగొచ్చు. ఎమ్మెస్సీలో ఇది చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ నా ఫంక్షన్ ఆ బరువులతో కుటుంబాలకు మార్కులేసి ఐదు గ్రూపులుగా విడగొడుతుంది. మ్యాక్‌లో అదే డేటా పెడితే ఫ్రిజ్, స్కూటర్, పక్కా ఇల్లు ఉన్నవాళ్ళంతా అట్టడుగు గ్రూపులోకి, పూరిల్లు తప్ప ఏమీ లేనివాళ్ళు పై గ్రూపులోకి వెళ్తారు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. చక్కటి పట్టిక వస్తుంది. దాన్ని ఎవరో రిపోర్టులో పెడతారు.

ఇదే లెక్క చేసే ఫంక్షన్లు ఆర్‌లో రెండున్నాయి. ప్రిన్‌కాంప్ అనేదాంట్లో మొదటి బరువు మైనస్ కాకుండా చూసే సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఉంటుంది. నేను వాడింది పీఆర్‌కాంప్, దాంట్లో అది లేదు. ఫ్రిజ్ బరువు మైనస్ వస్తే అన్నిటి గుర్తులూ తిప్పెయ్యమని మూడు లైన్లు రాశాను. ఐదూ పచ్చబడ్డాయి. ఈ ఒక్క దానికే ఈ సర్వీసుకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. మా ఆఫీసులో ఒకే ఒక్క కుర్రాడికి మ్యాక్ ఉంది. ఏదైనా నడిపి చూపించమంటే "అక్కా, ముందు టీ" అంటాడు. అతని దగ్గరకు వెళ్ళినా ఎసెట్ ఇండెక్స్ నడపమని అడిగేదాన్ని కాదు, మ్యాపు వస్తోందా లేదా చూడమనేదాన్ని.

మ్యాక్‌తో ఇంకో చిన్న తంటా. సగటు లెక్కలో రెండు అంకెలు అచ్చంగా సమానమా అని అడిగిన టెస్టు ఒకటి ఫెయిలైంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద ఆర్ కూడికలను 80 బిట్ల ఖచ్చితత్వంతో చేసుకుని తర్వాత కుదిస్తుంది. ఆపిల్ సొంత ఎం1 చిప్పుల్లో ఆ వెసులుబాటు లేదు, అంతా 64 బిట్లే. దశాంశం తర్వాత పదిహేనో పదహారో అంకెలో తేడా. "అచ్చంగా సమానం" తీసేసి "దాదాపు సమానం" అని రాశాను, తీరిపోయింది. దీనికి భయపడక్కర్లేదు.

ఐదు పచ్చ టిక్‌లు చూసుకుని పొంగిపోయి, క్రాన్‌కి పంపేద్దాం అనుకున్నాను. అలవాటు ప్రకారం ముందు విన్‌బిల్డర్‌కి పంపాను. ఇది జర్మనీలో డోర్ట్‌మండ్ టెక్నికల్ యూనివర్సిటీకి చెందిన ఊవే లిగ్గెస్ నడుపుతున్న సర్వీసు. డెవ్‌టూల్స్ అనే ఆర్ ప్యాకేజీలో ఒక ఆదేశం ఇస్తే ప్యాకేజీ అక్కడికి వెళ్తుంది, అక్కడి విండోస్ మెషీన్ మీద చెక్ నడుస్తుంది, ఫలితాల లింకు మెయిల్‌లో వస్తుంది. డ్యాష్‌బోర్డు, రంగులు, బొమ్మలు ఏమీ ఉండవు. ఒక టెక్స్ట్ ఫైలు. అది కూడా సుమారు 72 గంటల తర్వాత తీసేస్తారు, కాబట్టి రాగానే దించుకోండి. నాకైతే భోజనం చేసి వచ్చేసరికి మెయిల్ వచ్చి ఉంటుంది.

విండోస్ నా దగ్గరే ఉండగా మళ్ళీ విండోస్‌కి పంపడమెందుకు అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ టెక్స్ట్ ఫైల్లో ఒక వార్నింగ్ వచ్చింది: మాన్యువల్ పీడీఎఫ్ తయారుచేస్తుంటే లాటెక్ ఎర్రర్లు. హెల్ప్ పేజీలో ఉదాహరణగా "తెనాలి" అని తెలుగులో రాశాను. పీడీఎఫ్ తయారుచేసే లాటెక్‌కి ఆ అక్షరాలు ఏంటో తెలియదు. మరి ఐదు మెషీన్లలో ఎందుకు పట్టుబడలేదు? అప్పుడు గిట్‌హబ్‌కి పెట్టిన ఆ సెటప్ తెరిచి చదివాను. అందులో చెక్‌కి ఇచ్చే డీఫాల్ట్ ఆప్షన్లలో "మాన్యువల్ వద్దు" అని స్పష్టంగా ఉంది. డెవ్‌టూల్స్ చెక్ కూడా డీఫాల్ట్‌గా మాన్యువల్ కట్టదు. లాటెక్ ఇన్‌స్టాల్ చేసే బరువు తప్పించడానికి అలా పెట్టారు, అది న్యాయమే. చదవకుండా వాడింది నేను.

తెలుగు డేటాతో ప్యాకేజీ రాసేవాళ్ళు ఈ పేరా జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నేను చూసిన ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది దొరకలేదు. ఆర్ కోడ్ ఫైళ్ళలో నేరుగా తెలుగు అక్షరాలు ఉంటే చెక్ వార్నింగ్ ఇస్తుంది. ప్రతి అక్షరాన్ని యూనికోడ్ నంబరుగా రాయాలి. "తెనాలి" అంటే మనకు మూడక్షరాలు, అక్కడ ఆరు నంబర్లు: త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి. అక్షరాలు లెక్కపెట్టమంటే ఆర్ కూడా ఆరు అనే చెబుతుంది. డేటా ఫైళ్ళలో తెలుగు ఉంటే ఫర్వాలేదు, "ఇన్ని యూటీఎఫ్-8 స్ట్రింగులు ఉన్నాయి" అని ఒక నోట్ మాత్రం వస్తుంది (యూటీఎఫ్-8 అంటే యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి). అది తప్పు కాదు, పంపేటప్పుడు ఎందుకున్నాయో ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది. హెల్ప్ పేజీల్లో తెలుగు పేర్లను ఇంగ్లిష్ లిపిలోకి మార్చేశాను. మనసొప్పలేదు, కానీ పీడీఎఫ్ దాటాలి.

అన్నట్టు, విండోస్‌లో తెలుగు సరిగా కనిపించడమే ఈమధ్య ముచ్చట. ఆర్ పాత వెర్షన్లలో డేటా ఫ్రేమ్ (పట్టిక) ప్రింట్ చేస్తే తెలుగు బదులు కోణపు బ్రాకెట్లలో నంబర్లు వచ్చేవి. "అ" కాదు, "యూ ప్లస్ 0సీ05". గుంటూరు పేరు చూడాలంటే ఎక్సెల్‌కి వెళ్ళాల్సిందే. 2022 ఏప్రిల్ 22న వచ్చిన ఆర్ 4.2.0 నుంచి విండోస్‌లో కూడా యూటీఎఫ్-8 సొంత ఎన్‌కోడింగ్ అయింది. ఆంధ్రప్రదేశ్‌కి కొత్త జిల్లాలు వచ్చిన నెలలోనే ఆర్‌కి విండోస్‌లో తెలుగు వచ్చింది. నా ప్యాకేజీకి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

విన్‌బిల్డర్ పంపిన ఫైల్లో ఇంకో నోట్ చూసి నవ్వుకున్నాను. వివరణలో "మండల్" అనే మాట స్పెల్లింగ్ తప్పు కావచ్చట. కొత్త ప్యాకేజీ అయితే "కొత్తగా పంపుతున్నారు" అని కూడా ఒక నోట్ వస్తుంది, దాన్ని ఎవరూ పోగొట్టలేరు. నోట్ కనబడగానే కంగారు పడకండి. ఏది సర్దుకోవాలో ఏది ఊరికే వచ్చిందో రెండు మూడుసార్లు చదివితే తెలిసిపోతుంది.

మ్యాక్‌బిల్డర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆర్‌కి మ్యాక్ వెర్షన్ తయారుచేసే సైమన్ ఉర్బానెక్ నడుపుతారు. ప్యాకేజీ పంపాలి, లింకు వస్తుంది, చూసుకోవాలి. గిట్‌హబ్ అంటే ఇష్టం లేనివాళ్ళకి, కోడ్ ఇంకా బయటపెట్టనివాళ్ళకి మ్యాక్ చూసుకోవడానికి ఇదొక దారి.

ఆర్‌హబ్ కొంచెం వేరే తరహా. ఒకప్పుడు వాళ్ళ సొంత సర్వర్లలో నడిచేది. 2024లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి గిట్‌హబ్ యాక్షన్స్ మీదే నడుస్తోంది, మన రిపోలో ఫైలు పెట్టుకుని మనమే పిలవాలి. దీంట్లో మజా అంతా వింత మెషీన్లలో ఉంది. ఇరవైకి పైగా ఉన్నాయి: మాత్రికల లెక్కలకు వేరే లైబ్రరీ పెట్టినవి, ఆ 80 బిట్ల వెసులుబాటు తీసేసినవి, సీ కోడ్‌లో మెమరీ తప్పులు పట్టేవి. నా ప్యాకేజీలో సీ కోడ్ లేదు కాబట్టి సగం నాకు అనవసరం. ఒకటి మాత్రం పనికొచ్చింది. "ఉంటే వాడుకుంటాం, లేకపోయినా ఫర్వాలేదు" అని మనం రాసుకునే ప్యాకేజీలు ఉంటాయి కదా, అవి అసలు లేని మెషీన్ అది. నా హెల్ప్ పేజీలో, గ్రాఫులు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీ ఉందో లేదో చూడకుండా గీసేసిన ఉదాహరణ ఒకటి అక్కడ పడిపోయింది. చిన్న తప్పే, ఒక ఇఫ్ కండిషన్‌తో పోయింది.

నాలుగూ వాడాక ఇప్పుడు నేను చేసేది ఇదీ. రోజువారీ పనికి గిట్‌హబ్ యాక్షన్స్. క్రాన్‌కి పంపే ముందు వారం విన్‌బిల్డర్, అదీ రాబోయే వెర్షన్ మీద. ఆర్‌హబ్ ఏడాదికి రెండుసార్లు. మ్యాక్‌బిల్డర్ ఇక అవసరం పడలేదు. మార్కులు వెయ్యాలంటే యాక్షన్స్‌కి ఐదుకి నాలుగున్నర, విన్‌బిల్డర్‌కి ఐదు. అవును, ఆ రంగూరూపూ లేని టెక్స్ట్ ఫైలుకే ఐదు. ఒక్కటే లోటు, నాలుగింటిలోనూ ఫలితాలు చదవడం రావాలి. ఆ లాగ్‌లు వేల లైన్లుంటాయి, అసలు మాట ఎక్కడో మధ్యలో ఉంటుంది. కింద నుంచి పైకి చదవడం మొదలుపెట్టాక నా పని సగం తగ్గింది. మీ స్క్రిప్టులు మీ ఒక్కరి కోసమే అయితే, ఇంకొకరికి ఇచ్చే ఉద్దేశం లేకపోతే, ఇవేవీ పెట్టుకోకండి, టైమ్ దండగ.

"మీ ప్యాకేజీ క్రాన్‌లోకి వెళ్తోంది" అని వాళ్ళ నుంచి మెయిల్ వచ్చిన రోజు అనంతపురం అమ్మాయికి రాశాను, సారీ కూడా చెప్పాను. వారానికి జవాబొచ్చింది. "ఇప్పుడు బాగా నడుస్తోంది మేడమ్, థాంక్స్. ఒక చిన్న డౌటు. మండలాలను తెలుగు పేర్ల వరుసలో పెడితే కాళ్ళ ముందు వచ్చి, కావలి ఆ తర్వాత వస్తోంది. మేం బడిలో ళ హ తర్వాత నేర్చుకున్నాం కదా."

చూశాను. యూనికోడ్‌లో ళ నంబరు ల పక్కనే ఉంది, వ దాని తర్వాత. నా టెస్టులు ఆ నంబర్ల వరుసనే సరైనదిగా రాసుకున్నాయి. మ్యాక్, విండోస్, మూడు ఉబుంటులూ ఒకే జవాబు ఇస్తున్నాయి, ఐదు టిక్‌లూ పచ్చగా ఉన్నాయి. ఆదివారం కూర్చోవాలి.